బతికున్న మనిషి పేరు

శరణార్థి శిబిరం, తూర్పు చాద్
12 నవంబర్ 2004

తమ్ముడు జనార్దన్‌కు,

నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందు రాయకపోతే మరదలు రమ ఉత్తరం చివరిదాకా ఊపిరి బిగబట్టి వింటుంది. అందుకే ముందే రాశాను.

ఇక్కడి ఉత్తరాలు జీపులో అబేషే అనే పట్నానికి వెళ్తాయి. అక్కడి నుంచి విమానం దొరికినప్పుడే ముందుకు కదులుతాయట. నీ చేతికి ఇది ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక ఉపగ్రహ ఫోను ఉంది కానీ ప్రాణం మీదికి వస్తే తప్ప దాన్ని ముట్టుకోనివ్వరు.

మా శిబిరం నుంచి జీపులో రెండు గంటలు పోతే సరిహద్దు. అవతల సూడాన్ దేశం, దార్ఫుర్ ప్రాంతం. అక్కడి నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన వాళ్లు మా ఒక్క శిబిరంలోనే పదహారు వేల మంది ఉన్నారు. ఇరవై రెండేళ్లు పట్నం దవాఖానలో నర్సుగా చేసినదాన్ని, గాయాలు నాకు కొత్త కావు. కానీ ఊరికి ఊరే ఒకే రకం గాయాలతో వరుసలో నిలబడటం ఇక్కడే చూశాను.

మందుల గుడారంలో నాకు సాయం చేసే ఒకామె గురించి చెప్తాను. పేరు ఖమీసా. గురువారం పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారట. ముప్పై ఏళ్లుంటాయి. ఆమె అరబ్బీకి, నా హైదరాబాదు ఉర్దూకు కలిసే మాటలు ఒక ఇరవై దొరికాయి: కితాబ్, దునియా, ఓర్పుకు సబర్, చావుకు మౌత్. మిగతాదంతా చేతులతో, కళ్లతో మొదలుపెట్టాం. ఇప్పుడు కాస్త మాట్లాడుకోగలుగుతున్నాం.

వాళ్లది కుర్మాలీ అనే ఊరు. మన ముడిమ్యాల కంటే చిన్నది, జొన్న పండించే ఊరు. పోయినేడు ఒకరోజు పొద్దున్నే ముందు విమానం వచ్చింది. తర్వాత గుర్రాల మీద, ఒంటెల మీద తుపాకులవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక సర్కారు బండ్లు. బావి దగ్గరున్న మగవాళ్లను నిలబెట్టి కాల్చారు. ఖమీసా భర్త, ఇద్దరు కొడుకులు అక్కడే పోయారు. పెద్దవాడికి పదకొండేళ్లు. ఇళ్లు తగలబెట్టి, ఇంకెవరూ తిరిగొచ్చి బతకకూడదని శవాలను బావిలో వేశారు. నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఈమె తొమ్మిది రోజులు నడిచింది. “మేము ఏం చేసినమని గాదు, మేము ఎవరమో చూసి చంపిన్రు,” అంటుంది. ఒక్క ఊరు కాదు జనార్దన్, వందల ఊళ్లు. పెద్ద దేశాలవాళ్లు దీన్ని జాతి నిర్మూలన అనాలా వద్దా అని ఇంకా వాదించుకుంటున్నారని రేడియోలో విన్నాను.

కూతురు కాక ఖమీసాకు మిగిలింది అన్న ఇద్రీస్ ఒక్కడే. బడిపంతులు. ఆయన సరిహద్దు అవతలే ఉండిపోయాడు, ఇళ్లు పోయినవాళ్లు వేసుకున్న గుడిసెల్లో. ఏ ఊళ్లో ఎవరిని ఎవరు చంపారో అడిగి రాసుకుంటూ, బయటి దేశాలవాళ్లు వచ్చినప్పుడు వాళ్ల చేతిలో పెడుతున్నాడట. చెల్లెలికి ఎంత గర్వమో ఆ అన్న అంటే.

నువ్వు పేపరుకు రాస్తావు కదా. ఇది రాయి. మన దగ్గర ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఏదీ దాచకు, ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ మీద నమ్మకంతో,
అక్క కౌసల్య


చేవెళ్ల
8 జనవరి 2005

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం డిసెంబర్ పదిహేడున వచ్చింది. రమకు చదివి వినిపించాను. నువ్వు మొదట్లో బాగున్నానని రాసినా లాభం లేకపోయింది, ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడే రెండు పేజీలు రాసి జిల్లా ఎడిషన్‌కు పంపాను. సాయంత్రం డెస్కు నుంచి ఫోను. “జనార్దనన్నా, సూడాన్ మన జిల్లాల ఎప్పుడు కలిసిందే? లోకల్ ఏమన్న ఉన్నదా గిండ్ల?” అని నవ్వాడు. “మా అక్క ఉన్నది,” అన్నాను. అనకపోతే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. వాళ్లు దాన్నే పట్టుకున్నారు. పేపరు ముక్క దీంతో పంపుతున్నాను, చూడు. “ఆఫ్రికాలో చేవెళ్ల ఆడబిడ్డ సేవ” అని పెద్ద అక్షరాలు, నీ నర్సు బట్టల ఫోటో. సూడాన్ సంగతి కింద నాలుగు లైన్లు. అందులో కూడా ‘కరువు బాధితులు’ అని మార్చారు. నేను అట్లా రాయలేదు. ఆ పక్కన సగం పేజీ మొయినాబాద్ ప్లాట్ల ప్రకటన. ఇప్పుడు మా పేపరంతా అదే. చిన్న మంగళారంలో ఎకరాలు పోయి గజాలు వచ్చాయి. మాదాపూర్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు కార్లలో వచ్చి రాళ్లు పాతిన చేన్లను చూసిపోతున్నారు.

ఇంకోసారి పంపుదామనుకునే లోపల సునామీ వచ్చింది. నీకు అక్కడ తెలిసే ఉంటుంది. పేజీలన్నీ దానికే. మన బస్టాండు దగ్గర కూడా బియ్యం, దుప్పట్లు పోగుచేసి లారీ పంపారు. నేనూ తిరిగాను. జనానికి మనసు లేక కాదు అక్కా. కళ్లకు కనబడాలి.

ఫోటో చూసి ఊళ్లో అందరూ సంతోషపడ్డారు. నువ్వు వచ్చాక శాలువా కప్పుతామని ముడిమ్యాలలో అంటున్నారు. నాలుగు లైన్లయినా పడ్డాయి కదా అని నేనూ సర్దుకున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.
తమ్ముడు
జనార్దన్


శిబిరం
14 ఫిబ్రవరి 2005

జనార్దన్‌కు,

పేపరు ముక్క అందింది.

నా గురించి రాయమని నిన్ను ఎవరు అడిగారు? ఖమీసా దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని “మా గురించేనా?” అని అడిగింది. అవునన్నాను. నా ఫోటో మీద వేలు పెట్టి, “మరి మేము ఏడున్నం?” అంది. ఆ నాలుగు లైన్లు చూపించి, ఇక్కడ అన్నాను. ఏం రాసి ఉందని అడిగితే అబద్ధం చెప్పాను. కరువని ఆమెకు ఎట్లా చెప్పను? వాళ్ల జొన్న కోతకొచ్చాక తగలబెట్టారురా. కరువు కాదు.

శాలువా సంగతి రాశావే, అది చదివి సిగ్గుతో చచ్చిపోయాను. మొన్న కట్టెల కోసం శిబిరం దాటి పోయిన ముగ్గురు ఆడవాళ్లను ఎత్తుకొచ్చి నా ముందు పడుకోబెట్టారు. ఏం జరిగిందో నీకు రాయను. వాళ్ల గాయాలు కడిగిన చేతులతోనే నీ ఉత్తరం విప్పాను.

నా పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంది. వాళ్లది ఒక్క పేరు లేదు. పేరు లేని మనుషులు చస్తే ఎవరికి నొప్పి? నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పు, ఇంకొకర్ని అడుగుతాను.

కౌసల్య


చేవెళ్ల
24 మార్చి 2005

అక్కా,

నీ ఉత్తరం అందింది. రమ తీసుకుని చదివి, “వదినె అన్నదాంట్ల తప్పేమున్నది?” అంది. నిజమే. ఆ డెస్కు ముందు నేను చేతులు కట్టుకున్నాను.

ఇప్పుడు కట్టుకోవడం లేదు. వెయ్యి కరపత్రాలు వేయించాను. ఆదివారం మొయినాబాద్ దగ్గర చిలుకూరు రోడ్డు మీద నిలబడ్డాను, పట్నం జనమంతా గుడికి ఆ దారినే వస్తారు కదా. చేతికిస్తే తీసుకున్నారు. సంతోషమేసింది. పది అడుగులు పోయి ఒకాయన వెనక్కి వచ్చి, “ఇది ప్లాట్లది గాదా?” అని తిరిగి ఇచ్చేశాడు. అట్లా చాలామంది ఇచ్చారు. ఇద్దరు మాత్రం బండి ఆపి మొత్తం చదివారు. అందులో ఒకడు రిషి. మొయినాబాద్ బట్టల దుకాణం లక్ష్మీనర్సయ్య కొడుకు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. “అన్నా, గీ కాయితం పది కిలోమీటర్లు గూడ పోదు. నెట్‌ల పెడదాం, దునియా మొత్తం చూస్తది,” అన్నాడు.

వారం నుంచి వాడు, నేను కూర్చుని నీ మొదటి ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చాం. నువ్వన్నట్టే పేర్లన్నీ పెట్టాం. ఖమీసా, కుర్మాలీ, ఇద్రీస్ పంతులు, ఆయన చేస్తున్న పని. ఒక్క ముక్క వదల్లేదు. ఆదివారం నాటికి పేజీ నెట్‌లో ఉంటుంది. హైదరాబాదులో ఆదివారం అనుబంధం చూసే ఆయనకు కూడా చూపించాను. “పేర్లుంటేనే నమ్ముతరు, లేకుంటె కథ అనుకుంటరు,” అన్నాడు. వేస్తానన్నాడు.

ఆలూరు బడిలో సాలోమోను సారు నాకు ఒక పీరియడు ఇచ్చాడు. పటం తగిలించి చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్ల సాయిశ్రీ లేచి, “సార్, వాళ్లను చంపుతుంటె పోలీసులు ఏడికి పోయిన్రు?” అంది. పోలీసులను పంపాల్సిన వాళ్లే ఆ విమానం పంపారని చెప్పాను.

ఈసారి ఖమీసాకు అబద్ధం చెప్పాల్సిన పని పడదు.

నీ తమ్ముడు,
జనార్దన్


శిబిరం
20 మార్చి 2005

తమ్ముడూ,

పోయినసారి కోపంలో రాశాను. పంపాక బాధపడ్డాను. నువ్వు చిన్నప్పటి నుంచి నా మాట పడేవాడివే, ఇప్పుడు యాభై దగ్గరికొస్తున్నా నేను మారలేదు. రమను కూడా నన్ను క్షమించమను.

ఒక ముఖ్యమైన సంగతి. నేను పనిచేసే సహాయ సంస్థవాళ్లు ఈ వారం మాకు ఒక పాఠంలా చెప్పారు, ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. అవతల ఉన్నవాళ్ల పేర్లు ఎక్కడా రాయకూడదట. మొన్న అవతలి నుంచి వచ్చిన ఒకతను, ఊళ్ల సంగతులు రాస్తున్న పంతుళ్లను వెతుకుతున్నారని ఖమీసాతో అన్నాడు. ఇద్రీస్ ఇంకా వాళ్ల కంట పడలేదు, పంతుళ్లు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి.

కాబట్టి నువ్వు ఏం రాసినా ఇద్రీస్ పేరు రాయకు. ఊరి పేరు రాయకు. ఖమీసా పేరు కూడా మార్చు. మొదటి ఉత్తరంలోనే ఇది చెప్పాల్సింది. పేర్లు లేవని నిన్ను తిట్టాను కూడా. నువ్వు ఇంకా ఏమీ రాసి ఉండవులే, ఆ తిట్లకు అలిగి కూర్చుని ఉంటావు. అలిగితే ఈ ఒక్కసారికి మంచిదే.

ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. మధ్యాహ్నం గుడారంలో మందుల సీసాలు పట్టుకుంటే చేయి కాలుతోంది.

నీ అక్క


చేవెళ్ల
18 ఏప్రిల్ 2005

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు ఖమీసా పక్కన కూర్చుని చదవాలి.

ఏప్రిల్ పదిన ఆదివారం అనుబంధంలో పూర్తి పేజీ వచ్చింది. నీ ఫోటో లేదు, నా పేరు కింద చిన్నగా. కరువనే మాట ఎక్కడా లేదు. నెట్ పేజీని నిన్నటికి మూడు వేల మంది చూశారని రిషి చెప్పాడు. లండన్ నుంచి, కెనడా నుంచి ఎవరెవరో రాశారు. కొందరు తమ పేజీల్లో కూడా పెట్టుకున్నారట.

నిన్న చేవెళ్ల గ్రంథాలయం హాల్లో సభ పెట్టాం. నలభై మంది వస్తే చాలనుకున్నాను, నూట యాభై దాకా వచ్చారు. పొదుపు సంఘం ఆడవాళ్లు ఆటోల్లో వచ్చారు. రిషి ఆఫీసు నుంచి ప్రొజెక్టర్ తెచ్చి గోడ మీద పటం చూపించాడు. సాలోమోను సారు అధ్యక్షత. నేను ఖమీసా మాటలు చదువుతుంటే ముందు వరుసలో ముసలామె ఒకరు కొంగుతో ముఖం కప్పుకున్నారు. చివర్లో అంజిలయ్య తాత, ముడిమ్యాలలో మన చేను పక్కాయన, లేచి, “విన్నం బిడ్డా. ఇప్పుడు ఏం జెయ్యాలె?” అన్నాడు. మన దేశం గట్టిగా మాట్లాడాలని విదేశాంగ శాఖకు అర్జీ రాశాం. మూడు వందల పన్నెండు సంతకాలు, వేలిముద్రలు.

ఒక చిన్న విషయం. పట్నంలో చదువుకుంటున్న యాకూబ్ అనే సూడాన్ కుర్రాడు పేపరు సంగతి విని బస్సెక్కి వచ్చాడు. వాళ్లది కూడా దార్ఫురే. అతను ఏడుస్తూ నన్ను కౌగిలించుకుంటాడనుకున్నాను. సభ అయ్యేదాకా వెనక నిలబడి, తర్వాత నన్ను పక్కకు పిలిచి ఉర్దూలో అడిగాడు.

“ఇద్రీస్ బతికే ఉన్నాడా?”

“ఉన్నడు.”

“మరి పేరెందుకు పెట్టావు?”

ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మా పని, నిజానికి భయమేమిటి అన్నాను. తీసేయమని మూడుసార్లు అడిగాడు. ఇంట్లోవాళ్లు అక్కడే ఉన్నారు కాబట్టి పాపం భయపడుతున్నాడనుకున్నాను. వాళ్ల సంగతి వాళ్లకంటే మనమే ధైర్యంగా చెప్తున్నామని రిషితో అన్నాను కూడా. టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఖమీసాతో చెప్పు, ఈసారి పేపరు మొత్తం వాళ్లదేనని.

సంతోషంతో,
జనార్దన్


చేవెళ్ల
29 ఏప్రిల్ 2005

అక్కా,

నీ మార్చి 20 ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. పోస్ట్‌మ్యాన్ ఎంకయ్య ఇంకా గుమ్మంలో ఉండగానే చదివాను.

ఆటో పట్టుకుని మొయినాబాద్ వెళ్లాను. రిషి ఆఫీసులో ఉన్నాడు. ఫోను చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. “మీటింగ్ బందువెట్టు, మనిషి పానం పోతది,” అని అరిచాను. దుకాణంలో వాళ్ల నాన్న భయపడ్డాడు. సాయంత్రం నాలుగింటికి పేజీ తీసేశాడు. కానీ వేరేవాళ్లు పెట్టుకున్నవి తీయడం మన చేతిలో లేదట. అందరికీ రాశాడు. ఇద్దరు తీసేశారు. కొందరి నుంచి జవాబు లేదు. ఇక పేపరు ఇళ్లకు చేరి ఇరవై రోజులైంది.

యాకూబ్‌ను వెతుక్కుంటూ ఈరోజు పట్నం వెళ్లాను. గది కిరాయికిచ్చిన ఇంటాయన, ఖాళీ చేసి వెళ్లాడన్నాడు.

ఆ కుర్రాడు మూడుసార్లు చెప్పాడక్కా. పదకొండు రోజుల ముందే. అప్పుడు తీసినా...

ఇద్రీస్‌ను అక్కడి నుంచి వెంటనే వెళ్లిపొమ్మని ఎట్లయినా కబురు పంపు. మీ ఆఫీసు ఫోను నంబర్లన్నీ ప్రయత్నించాను, కలవలేదు. దేవుడి దయవల్ల ఈ ఉత్తరం తొందరగా రావాలి.

జనార్దన్


శిబిరం
2 జూన్ 2005

తమ్ముడూ,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. వరుస తప్పి అందాయి.

పేర్లన్నీ పెట్టానని నువ్వు రాసిన మార్చి ఉత్తరం మే నాలుగున వచ్చింది. చదువుతూనే రేడియో గదికి పరిగెత్తాను. ఆరోజు లైను దొరకలేదు. మర్నాడు దొరికింది కానీ అవతల పట్నంలో ఉన్న మావాళ్లు, గుడిసెల వైపు వెళ్లడానికి తమకు అనుమతి లేదన్నారు. మే తొమ్మిదిన సరిహద్దు దాటి వచ్చినవాళ్లు కబురు తెచ్చారు.

ఏప్రిల్ ఇరవై ఒకటిన ఇద్రీస్‌ను పట్టుకుపోయారు. పిల్లలకు పాఠం చెప్తుండగా బండి వచ్చింది. నలుగురు దిగారు. పేరు పెట్టి పిలిచారు. ఆయన చేతిలో సుద్దముక్క పిల్లల ముందే పెట్టి, తనంతట తానే నడిచి బండెక్కాడట. ఇప్పటిదాకా జాడ లేదు.

మన పేజీ చూసే వచ్చారో, అంతకు ముందే ఎవరైనా చెప్పారో నాకు తెలియదు. మా పెద్ద డాక్టరును అడిగాను. ఎప్పటికీ తెలియదన్నాడు. అది నీకు ఊరట అవుతుందని రాయడం లేదు. నాకు కాలేదు.

మార్చిలో ఆ ఉత్తరం రాస్తున్నప్పుడే ఉపగ్రహ ఫోను అడగొచ్చు. నీతో రెండు నిమిషాలు మాట్లాడితే అయిపోయేది. ఇది అంత అత్యవసరమని నాకు అనిపించలేదు. ప్రాణం మీదికి వస్తేనే ముట్టుకోవాలని చెప్పారు, అది ఒకరి ప్రాణమేనని నాకు తట్టలేదు. అలిగి కూర్చుని ఉంటావని నవ్వుకుంటూ కవరు అతికించాను.

ఖమీసాకు మన సంగతి ఇంకా చెప్పలేదు. పొద్దున్నే వస్తుంది, పట్టీలు మడుస్తుంది, పిల్లలకు మందు తాగిస్తుంది. మధ్యాహ్నం ‘మీ తమ్ముడు ఉత్తరం రాసిండా?’ అని అడుగుతుంది. నీవల్ల ప్రపంచం కదిలి, ఇద్రీస్‌ను విడిపిస్తుందని ఆమె ఆశ.

కౌసల్య


చేవెళ్ల
10 జూలై 2005

అక్కా,

నిజం రాస్తాను. నీ ఉత్తరం చదవగానే మొదట నీ మీదే కోపం వచ్చింది. ఏదీ దాచకు అంది నువ్వే, పేర్లు లేవని తిట్టింది నువ్వే అనుకున్నాను. రమతో పైకే అన్నాను. ఆమె నా ముఖం చూసి, “ఆ పిలగాడు ఎదురుంగ నిలవడి చెప్పిండు. వదినె ఉత్తరం రాకముందే నీకు తెల్సు,” అంది.

ఆరోజు ఎందుకు వినలేదో చాలా ఆలోచించాను. నూట యాభై మంది నా మాట విన్నారు. ఇరవై ఏళ్ల విలేకరి పనిలో అంతమంది ఎప్పుడూ వినలేదు. ఆ పొంగులో ఉన్నాను. యాకూబ్ వచ్చి ఆ పూట పాడు చేస్తున్నట్టు అనిపించింది. అంతే. దానికి వేరే పెద్ద కారణం లేదు.

పేపరు పని వదిలేశాను. డెస్కువాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. నా స్థానంలో వేరొకరు వచ్చారు. సాలోమోను సారు మళ్లీ సభ పెడదామన్నారు, నేను రానన్నాను.

ఖమీసాకు చెప్పాలా వద్దా అన్నది నీకే వదిలేస్తున్నాను అని రాశాను, మళ్లీ కొట్టేశాను, చూడు. నీకు వదిలేయకూడదు. చెప్పు అక్కా. నేను చేశానని చెప్పు. నా పేరు చెప్పు.

జనార్దన్


శిబిరం
20 ఆగస్టు 2005

జనార్దన్‌కు,

చెప్పాను.

అంతకు ముందే, జూలై ఆఖర్లో, ఇద్రీస్‌తో పాటు బండెక్కించిన వాళ్లలో ఒకతను ఎట్లాగో బయటపడి ఇక్కడికి వచ్చాడు. ఇద్రీస్‌ను మూడో రోజే చంపారని, ఎండిన వాగు ఇసుకలో పూడ్చారని, తాను కళ్లారా చూశానని చెప్పాడు. ఖమీసా అందరి ముందు ఏడవలేదు. కూతుర్ని తీసుకుని గుడారంలోకి వెళ్లింది. మూడు రోజుల తర్వాత పనికి వచ్చింది.

వారం ఆగి నేను చెప్పాను. ఇద్దరమూ దుప్పట్లు లెక్కపెడుతున్నాం. నా తమ్ముడు నీ అన్న పేరు, పని, ఊరు లోకానికంతా కనబడేట్టు పెట్టాడు, పెట్టమని రాసింది నేను, ఒకరు వద్దని చెప్పినా వినలేదు అని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, నా అరబ్బీ సరిగా రాక. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

ఆమె దుప్పటి మడత పెట్టడం ఆపలేదు. మడత పెడుతూనే అడిగింది.

“మీ తమ్ముడు రాసింది ఎంతమంది చదివిన్రు?”

“నాలుగైదు వేలమంది ఉంటరు.”

“చదివి ఏం జేసిన్రు?”

నేను ఏదో చెప్పబోయాను. అర్జీ, సంతకాలు అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నువ్వు ఆడ లేవు. నీకేం తెల్సు? ఆయననే అడుగు,” అంది.

ఆరోజు నుంచి ఆమె నాతో పనిచేయడం లేదు. నీళ్ల పంపుల దగ్గర పని అడిగి మారింది. దారిలో కనబడితే సలాం చేస్తుంది, ఆగదు. నేను ఇంకో ఏడాది ఉంటానని సంస్థకు రాసిచ్చాను. ఆమె క్షమిస్తుందని కాదు. ఇక్కడ నర్సులు తక్కువ.

ఆమె అడిగినదానికి జవాబు రాయి. మంచిగా కనబడేట్టు రాయకు.

అక్క


చేవెళ్ల
2 అక్టోబర్ 2005

అక్కకు,

జవాబు రాయడానికి ఆలస్యమైంది. ఊరికే రాయకూడదని నెల రోజులు తిరిగి అడిగి వచ్చాను. సభకు వచ్చినవాళ్లను, పేపరు చదివామన్నవాళ్లను, కరపత్రం తీసుకున్నవాళ్లను ఇంటింటికీ వెళ్లి “చదివి ఏం చేసిన్రు?” అని అడిగాను. ముందు నేను చేసింది చెప్పి, తర్వాత అడిగాను. కొందరు మధ్యలోనే లేచి లోపలికి వెళ్లారు. ఖమీసాకు ఇది చదివి వినిపించు.

అర్జీ చేరిందని ఒక కాగితం వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు. ఆదివారం అనుబంధానికి ఆరు ఉత్తరాలు వచ్చాయట, అందులో రెండు నా భాష బాగుందని. సాలోమోను సారు చర్చిలో ఏప్రిల్, మే నెలల్లో ప్రార్థన చేశారు, సెలవుల తర్వాత మానేశారు. అడిగితే ఆయన తలవంచుకుని, మరిచిపోయామన్నాడు. రిషి ఆ తర్వాత కంప్యూటర్‌లో సొంత పేజీ అంటూ ఏదీ పెట్టలేదు. మొన్న నన్ను చూసి బండి ఆపి, మళ్లీ స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. పొదుపు సంఘం ఆడవాళ్లకు ఖమీసా కూతురు గుర్తుంది, దేశం పేరు గుర్తులేదు. అంజిలయ్య తాత పొలం అమ్మేసి కొడుకు దగ్గరికి పోయాడు, ఆయన్ని అడగలేకపోయాను. ఆలూరులో సాయిశ్రీ ఒక్కతే ఒక నోటుపుస్తకం చూపించింది. దార్ఫుర్ అని పేపర్లో ఎక్కడ కనబడినా కత్తిరించి అంటిస్తోంది. ఆరు నెలల్లో పదకొండు ముక్కలు. అన్నీ కలిపినా ఒక పేజీ నిండలేదు.

మిగతా వాళ్లు ఏమీ చేయలేదు. చెడ్డవాళ్లై కాదు. చదివారు, బాధపడ్డారు, పేపరు మడిచారు. మడిచాక ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

ఈ నెల నుంచి సాలోమోను సారు వారానికి ఒక పీరియడు మళ్లీ ఇస్తానన్నారు. వెళ్తాను. చనిపోయినవాళ్ల సంగతి చెప్తాను, బతికున్నవాళ్ల పేర్లు చెప్పను, ఎందుకు చెప్పనో కూడా పిల్లలకు చెప్తాను. ఇది ఆమె మెప్పు కోసం రాయడం లేదు. అడిగింది కాబట్టి రాస్తున్నాను.

ఇంకొక్కటి మిగిలింది. అందరినీ అడిగి ఇంటికొచ్చాక రమ నన్ను అడిగింది, మరి నీ సంగతి ఏమని రాస్తున్నవని.

ఖమీసాతో చెప్పు. చదివినవాళ్లలో మొదటివాణ్ణి నేను. నేను చదివి ఏం చేశానో ఆమెకు తెలుసు.

జనార్దన్